ఇంటి ఆడది నూరిన రంగు

నీలిమందు నూరడం మొదలుపెట్టిన రోజే గోళ్ళు రంగు మారతాయి. రెండో రోజుకి అరచేతుల్లో గీతలన్నీ నీలంగా తేలతాయి. మూడో రోజుకి మోచేతుల దాకా ఎక్కుతుంది. చింతపండు రుద్దినా, కుంకుడు రసంతో తోమినా, ఇసక పెట్టి రాపాడించినా శ్రావణమాసం దాకా వదలదు. నాకు పెళ్ళయి పదకొండేళ్ళు. పదకొండు వేసవులు ఆ రాతి కల్వం ముందు కూర్చున్నాను. నీలిమందు బిళ్ళలు పొడిచెయ్యడం, కాచిన అవిసె నూనె చుక్క చుక్కగా పోస్తూ నూరడం, భుజాలు లాగేస్తుంటే ఇంకాస్త నూరడం. పడవ నీళ్ళలోకి దిగిన రోజు రేవులో జనమంతా దాని అందం చూసి "గంగయ్యా, పడవంటే నీదేరా" అనేవారు. మా ఆయన మీసం మీద చెయ్యి వేసుకునేవాడు. నేను చేతులు కొంగులో దాచుకునేదాన్ని.

మాది కాలవ పడవ. ధవళేశ్వరం నుంచి సామర్లకోట మీదుగా కాకినాడ దాకా జనాన్ని చేరవేస్తుంది. ఆనకట్ట కట్టి కాలవలు తవ్విన కొత్తల్లో మా మామ సత్తియ్య చేపలవేట మానేసి దీన్ని కట్టించాడట. అప్పటికీ ఇప్పటికీ నలభై ఏళ్ళు దాటింది. ఏటా ఎండాకాలం కాలవలు కట్టేస్తారు. నీళ్ళు ఆగిపోయి, అడుగున బురద ఎండి నెరలు విచ్చాక పడవలన్నీ ఎక్కడివక్కడ గట్టెక్కుతాయి. అప్పుడు మరమ్మతులు చేసుకోవాలి. మగవాళ్ళు చెక్కల సందుల్లో కొబ్బరిపీచు కూరి, గుగ్గిలం పోసి, పని అయిపోయిందనిపించుకుని చింతచెట్టు నీడన పులిజూదం వేసుకుంటారు. పాతరంగు గీకడం, కొత్తరంగు నూరడం, నూనె కాయడం, పొగకి కళ్ళు నులుముకోవడం మాత్రం ఆడవాళ్ళ వంతు.

పడవలో చుక్కాని దగ్గర తాటాకు కప్పిన చిన్న గూడు ఉంది. ఆడవాళ్ళు ప్రయాణం చేసేది అందులో. మా అత్త అచ్చియ్యమ్మ బతికున్నంతకాలం అక్కడే కూర్చునేది. ఆవిడ పోయి ఎనిమిదేళ్ళయింది, అప్పట్నుంచి ఆ చోటు నాకు దక్కింది. దక్కిందంటే వంట దక్కింది, అంట్లు దక్కాయి, కడుపులో తిప్పి వాంతి చేసుకున్న పిల్లల్ని కడగడం దక్కింది, పురిటికి వెళ్ళే పిల్లకి దారిలో నొప్పులొస్తే పట్టుకోవడం దక్కింది. గట్టు మీద తాడు లాగేవాళ్ళకి కూలి ఉంది, గెడ వేసేవాళ్ళకి కూలి ఉంది. నాకు కూలేంటి, నేను ఇంటిమనిషిని కదా.

రెండేళ్ళ కిందట వైశాఖంలో మా ఆడపడుచు కూతురి పెళ్ళయింది. నేను చీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని, అన్నం గిన్నె పట్టుకుని వరసలోకి వెళ్ళాను. మా ఆడపడుచు నవ్వుతూనే వచ్చి గిన్నె అందుకుంది. "వదినా, వడ్డన మేం చూసుకుంటాంలే, నువ్వు విస్తళ్ళు తీయించు. ఆ చేతులు చూస్తే పెళ్ళివారికి ముద్ద దిగదు" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. నేనూ నవ్వాను. అలాంటప్పుడు నవ్వకపోతే ఉడుకుమోతు అంటారు. ఆ రోజు పెరట్లో ఎంగిలి విస్తళ్ళు ఎత్తుతూ ఈ నీలాన్ని తిట్టినట్టు జన్మలో ఎవర్నీ తిట్టలేదు. ఇంటికొచ్చాక మా ఆయనకి చెబితే, "దానికే ఏడుస్తావేంటే, మా అమ్మ చేతులు చచ్చేదాకా అలాగే ఉన్నాయి, ఒక్కనాడైనా నోరెత్తిందా" అన్నాడు.

అదీ నిజమే. మా అత్త నోట్లో నాలుక లేని మనిషి. పడవెక్కిన వాళ్ళని ఏ ఊరు, ఎవరింటికి అని కూడా అడిగేది కాదు. నాతో కలిసి నూరిన మూడు వేసవుల్లోనూ ఆవిడ అన్నది ఒకటే మాట. "ఇంకాస్త మెత్తగా నూరు లోవా. దూరానికి కనపడాలి." కొత్తకోడలిని, నాకది సాధింపులా వినపడేది. ఆవిడ పక్కన కూర్చుని నాలుగు మాటలు మాట్లాడిన పాపాన పోలేదు. మా వాళ్ళలో మారుమనువు తప్పు కాదు, ఆవిడది మారుమనువని నాకు తెలుసు. ఇంట్లో ఆ ఊసు ఎవరూ ఎత్తేవారు కాదు, నేనూ ఎత్తలేదు.

కాలవ మీద ఉన్న పడవలన్నీ ఈమధ్య కాకినాడ షాపుల్లో దొరికే సీమరంగు డబ్బాలకి మారిపోయాయి. మూత తియ్యడం, పూసుకోవడం. ఈ ఏడు ఉగాది వెళ్ళగానే నేను గట్టిగా అడిగాను. ఆకుపచ్చో, పసుపుపచ్చో, ఏదో ఒకటి తెచ్చుకుందాం, ఈ నీలం ఇక నావల్ల కాదు అన్నాను. మా ఆయన నన్ను పైనుంచి కింది దాకా చూశాడు.

"ఇది మా నాన్న పెట్టిన రంగే. పడవ పుట్టినప్పటి రంగు. దాన్ని మార్చడమంటే మా నాన్న పేరు చెరపడమే. పైగా ఇంటి ఆడది నూరని రంగు పూస్తే గంగమ్మ ఒప్పుకోదు, పడవ మునుగుద్ది."

ఆ రెండో మాట మా పడవకే ఉన్న ఆచారం. తాడు లాగేవాళ్ళ దగ్గర్నుంచి గెడ వేసే ముసలి వీరాస్వామి దాకా అందరూ నమ్ముతారు. పక్కింటి అమ్మలక్కలు సాయానికొచ్చి రెండు తిప్పులు తిప్పబోయినా వీరాస్వామి పరిగెత్తుకొచ్చి "అమ్మా, మీరు ముట్టకండి, అపచారం" అంటాడు. ఇల్లాలికి కాస్త చెయ్యి ఆడనివ్వని ఆచారం ఎవడు పెట్టాడో గాని వాడి చేతులు పడిపోను అనుకునేదాన్ని. రంగు పేరు మామది, పడవ మొగుడిది, పుణ్యం గంగమ్మది, నొప్పి నాది.

ఇంతలో పల్లంరాజుగారి కబురొచ్చింది. ఆయనది వడ్ల వ్యాపారం. ఈ ఏడు పంట రోజుల్లో మా పడవ మొత్తం ఆయన వడ్లకే మాట్లాడుకుంటానన్నాడు. ఆయన బస్తాలు మోసే పడవలన్నీ జేగురు ఎరుపు, కాబట్టి మాదీ ఎరుపు పుయ్యాలి. గూడు పీకెయ్యాలి, ఆడవాళ్ళనీ పిల్లల్నీ ఎక్కించుకోకూడదు. మా ఆయన ఒక్క పూట ఆలోచించాడు. మర్నాడు పొద్దున్న చద్దన్నం తింటూ, "కాలాన్నిబట్టి పోవాలిలే. రంగుదేముంది" అన్నాడు. నిన్నటి దాకా వాళ్ళ నాన్న పేరు, ఇవాళ రంగుదేముంది. నేను పదకొండేళ్ళు ఏడ్చినా కదలని రంగు రాజుగారు ఒక్క కబురు పంపితే కదిలింది. కోపం రావలసిన మాటే. కానీ నిజం చెప్పాలంటే నాకు సంతోషమే కలిగింది. జేగురు నూరడం తేలిక, ఒక్క స్నానంతో వదిలిపోతుంది. ఎవరి మూలంగా వస్తేనేం, నా చేతులు నాకొస్తున్నాయి.

ఎరుపు కింద నీలం తొంగిచూస్తే మురికిగా ఉంటుందని, పాతరంగంతా చెక్క దాకా గీకమన్నాడు. ఏటా పైపై పెచ్చులు రాల్చి దాని మీదే కొత్తది పూసేవాళ్ళం గనక లోపలికి ఎప్పుడూ వెళ్ళలేదు. ఆల్చిప్ప పట్టుకుని ముక్కు వైపు నుంచి మొదలుపెట్టాను. పొర మీద పొర. పైన నావి, ఎండకి వెలిసినవి, గరుకువి. ఎనిమిది పొరలు దిగాక ఒక్కసారిగా రంగు మారింది. నునుపు. ఆ నీలం ఎంత చిక్కగా ఉందంటే నేను గీకడం ఆపి దాని మీద బుగ్గ ఆనించి చూశాను. అది మా అత్త నూరింది. కల్వంలో గింజ మిగలకుండా నూరితే నీలం అలా పలుకుతుందని నాకు ఆ రోజు దాకా తెలియదు. ఒక మనిషి ఏటా వేసవిలో కూర్చుని, ఎవరూ మెచ్చకపోయినా, ఇంత పని చేసింది. నా కళ్ళు ఎందుకో చెమర్చాయి. ఇంకా కిందికి గీకాను, ముప్ఫై పొరలుంటాయేమో. అన్నిటికన్నా అడుగున, చెక్కని కరుచుకుని, నలుపు ఉంది.

మసి కలిపిన గుగ్గిలం అది. వేట పడవలకి పూసే మామూలు నలుపు. నాలుగు చోట్ల గీకి చూశాను, నాలుగు చోట్లా అదే. పరిగెత్తుకెళ్ళి మా ఆయన్ని పిలుచుకొచ్చాను. "చూడు మావా, పడవ పుట్టినప్పుడు నీలం కాదు, నలుపు" అన్నాను. వేలితో రాసి చూశాడు. మొహంలో ఏదో తడబాటు కనిపించింది. "పొయ్యి మసి అంటుకుని ఉంటదిలే, పని కానీ" అని జూదం దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను మాత్రం ఆల్చిప్ప చేత్తో పట్టుకుని చాలాసేపు అక్కడే కూర్చున్నాను. అది మామ పెట్టిన రంగు కాకపోతే, మరి ఎవరు పెట్టారు?

మర్నాడు ఎండ ఎక్కుతుండగా, ఎండిపోయిన కాలవ అడుగున ఒక ముసలామె కర్ర పొడుచుకుంటూ నడిచొచ్చింది. తెల్లచీర, మెళ్ళో నల్లతాడుకి చిన్న సిలువ. పైకెక్కడానికి చెయ్యి ఇస్తే పట్టుకోవడానికి సందేహించింది. తను మాలపల్లె మనిషినని, పేరు ఏసమ్మ అని చెప్పింది. మిషను వాళ్ళ మతం పుచ్చుకున్నారట, కూలికి పోతుందట. మజ్జిగిస్తే తాగి, చుట్టూ చూసి, "అచ్చియ్యమ్మగారు లేరా తల్లీ?" అంది.

ఆవిడ పోయి ఎనిమిదేళ్ళయిందని చెప్పాను. ఏసమ్మ చూపు పడవ మీద పడింది. సగం గీకిన పక్క, కింద రాలిన నీలం పెచ్చులు, పక్కన బుట్టలో జేగురు గడ్డలు. చేతిలో ముంత కింద పెట్టేసింది.

"రంగు మార్చేత్తున్నారా?"

మార్చేస్తున్నాం మామ్మా, ఇక ఆడవాళ్ళని ఎక్కించుకోం, బస్తాలే అన్నాను. ఏసమ్మ ఆ ఎండలోనే నేల మీద చతికిలపడింది. కాసేపటికి తన మనవరాలు రూతు సంగతి చెప్పింది. పెంచి పెద్దచేసిన పిల్లని నిరుడు కాలవ పక్కనుండే రెల్లుగడ్డ ఊళ్ళో ఇచ్చిందట.

"పోయిన్నెల చూసొచ్చాను తల్లీ. ఎడం చెయ్యి ఎత్తలేకపోతంది. ఏంటమ్మా అంటే నూతికాడ జారానంది. నా కాలంలో నేనూ నూతికాడ జారినదాన్నే. తెచ్చేసుకుందారంటే వాళ్ళ అత్త గుమ్మం దాటనివ్వలేదు. చెవిలో ఒక్కమాట చెప్పొచ్చాను. కాలవలు వదిలిన రోజు రేవుకాడికి వచ్చెయ్యి, నీలి పడవ కోసం చూడు, అందులో అచ్చియ్యమ్మగారుంటారు, ఇంకే పడవా ఎక్కద్దు అన్నాను."

మా పడవే ఎందుకని అడిగాను. ఏసమ్మ నా మొహంలోకి వింతగా చూసింది. ఆ గూటిలో కూర్చునే మనిషికి ఈ సంగతి తెలియకపోవడం ఆమెకి నమ్మశక్యం కాలేదు. ఆ తర్వాత ఆమె చెప్పింది వింటూ నేను ఎండని మర్చిపోయాను, పొయ్యి మీద నూనెని మర్చిపోయాను.

మా అత్త పదహారేళ్ళప్పుడు, మొదటి మొగుడి ఇంట్లోంచి తెల్లవారుజామున కట్టుబట్టలతో పారిపోయి కాలవ రేవుకొచ్చిందట. ఒక పడవ ఆపి ఎక్కింది. అప్పుడు పడవలన్నీ నలుపే, ఏది ఎవరిదో పోల్చుకునే దారి లేదు. దాన్ని నడిపే సరంగు ఆమె మొగుడికి చుట్టం. తిప్పుకొచ్చి అదే రేవులో దింపి, ఆమె అత్తవారికి అప్పగించి, వాళ్ళింట్లో భోంచేసి మరీ వెళ్ళాడట. ఏడాది తర్వాత రెండోసారి పారిపోయినప్పుడు ఆమె రేవులో నిలబడి, వచ్చిన ప్రతి పడవనీ చూసి తుప్పల్లో దాక్కుందట. పొద్దు వాలేదాకా దాక్కుని, ఇక కాళ్ళు నిలవక, ప్రాణానికి తెగించి ఒక పడవకి చెయ్యెత్తింది. అది సత్తియ్యది. అది మంచివాడి పడవ కావడం కేవలం ఆమె అదృష్టం. తర్వాత సత్తియ్య మారుమనువు చేసుకుంటానంటే ఆమె వెండి కడియాలు వద్దంది, కోకలు వద్దంది. నీ పడవకి ఈ కాలవ మీద ఏ పడవకీ లేని రంగు పుయ్యనియ్యి, అది ఎప్పటికీ మార్చకు అని అడిగిందట. చదువురాని ఆడది కూడా దూరాన్నుంచి చూసి, ఇది ఎక్కొచ్చు అని పోల్చుకోవాలని ఆమె మనసులో మాట.

"నన్ను ఒళ్ళో బిడ్డతో ఎక్కించుకుంది తల్లీ. మాలదాన్నని అందరూ గునిసితే తన పక్కనే కూకోబెట్టుకుంది. ఎక్కడికని అడగలేదు. దిగేటప్పుడు మాత్రం, నీకు తెలిసిన ఆడపిల్లలకి నా పడవ రంగు చెప్పు అంది. అంతే. ఆ తర్వాత ఎక్కినప్పుడల్లా తన కత నాతో చెప్పుకునేది. ఇటు సామర్లకోట దాకా ఏ ఊళ్ళో అయినా అడుగు, పిల్లని అత్తారింటికి పంపేప్పుడు తల్లి చెవిలో ఏం చెబుద్దో."

నా ఒళ్ళంతా గగుర్పొడిచింది. ఈ కాలవ పొడుగునా, ఎన్ని ఊళ్ళో, ఎన్ని గడపలో, పసుపు బట్టలతో నిలబడ్డ పిల్లల చెవుల్లో మా పడవ రంగు. నలభై ఏళ్ళుగా. ఒక్క మగవాడికి తెలియకుండా. తల్లులకి తెలుసు, మామ్మలకి తెలుసు, మేనత్తలకి తెలుసు. కులం అడ్డురాలేదు, మతం అడ్డురాలేదు. నోట్లో నాలుక లేదనుకున్న మనిషి ఇంత మాట ఇంత దూరం నడిపించింది. నేను గుడికి వెళ్ళాను, పుష్కరాలకి గోదావరిలో మునిగాను, ఎక్కడా నాకు అంత భయభక్తులు కలగలేదు. ఎదురుగా ఉన్న ఆ పాత చెక్కల పడవకి దణ్ణం పెట్టాలనిపించింది.

ఆ వెంటనే సిగ్గేసింది. నా ఎనిమిదేళ్ళలో గూట్లోకి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే కళ్ళముందుకొచ్చారు. మూటా ముల్లే లేకుండా, తడిచీరతో ఎక్కి సామర్లకోట దాకా ఒణుకుతూ కూర్చున్న పిల్ల. ఒక కాలికే పట్టీ ఉన్న మరో పిల్ల, రెండోది ఎక్కడ పడిపోయిందో చూసుకోను కూడా లేదు. ఎక్కీ ఎక్కగానే గూడు తడికకి జారబడి, ఏళ్ళ తరబడి నిద్రలేనిదానిలా నిద్రపోయిన నడివయసు మనిషి. వాళ్ళని నేనేమీ అడగలేదు. జాలితో కాదు, అలసటతో. అంట్లు తోముకోవాలి, పిల్లల్ని కడగాలి, ఎవరి గొడవ నాకెందుకు అని. వాళ్ళు దిగేటప్పుడు నా చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంటే, ఈ నీలం చేతులు చూసి వెక్కిరిస్తున్నారేమోనని లాక్కున్నాను కూడా. తెలియకుండానే నేను ఇంతమందిని ఒడ్డున వేశాను. తెలిసి ఉంటే ఒక్క ముద్ద అన్నమైనా కలిపి పెట్టేదాన్ని.

వెళ్ళబోతూ ఏసమ్మ ఇంకో మాట అంది. "నా తర్వాత ఎవడైనా మార్చేత్తాడేమో అని మీ అత్తకి ఒకటే బెంగ ఉండేది. 'అందుకే ఇంటి ఆడది నూరందే పనికిరాదని గంగమ్మ మీద పెట్టి ఒక మాట పుట్టించాను, మగోళ్ళు నా మాట వినరు గానీ గంగమ్మ మాట వింటారు' అని నాతో అని నవ్వింది."

ఏసమ్మ కాలవ దిగి వెళ్ళిపోయింది. నేను కల్వం వంక చూస్తూ ఉండిపోయాను. ఏ ఆచారాన్ని పదకొండేళ్ళు సంకెళ్ళనుకున్నానో అది తాళం. ఆవిడ పడవని మొగుడికీ, కొడుక్కీ వదిలేసి, రంగుకి మాత్రం తాళం వేసి, తాళంచెవి వచ్చే కోడలి చేతిలో పెట్టి వెళ్ళింది. చేతిలో ఉన్నదేమిటో కోడలికి తెలియలేదు. ఎంత తెలివి, ఎంత ఓపిక, ఎంత దూరం చూసిన కళ్ళు. ఈ మాట నాతోనే ఎందుకు చెప్పలేదని ఏడుపొచ్చింది. చెప్పాలనే అనుకుని ఉంటుంది. మొహం ముడుచుకుని దూరంగా కూర్చునే కోడలితో ఎప్పుడు చెబుతుంది. మూడు రోజుల జ్వరంతో పోయింది, ఆ మూడు రోజులూ నేను వంటింట్లోనే ఉన్నాను.

మధ్యాహ్నం మా ఆయన భోజనానికొచ్చి, జేగురు ఎంతవరకు వచ్చిందని అడిగాడు. నేను పప్పు వడ్డించి చెప్పాను.

"ఎరుపు నేను నూరను మావా. నూరితే నీలమే నూరుతాను."

నవ్వులాటనుకున్నాడు. తర్వాత కోపగించుకున్నాడు. నిన్నటిదాకా నీలం వద్దని నా ప్రాణం తీశావు, ఇవాళ దయ్యం పట్టిందా అన్నాడు. రాజుగారికి మాటిచ్చానన్నాడు. నా పడవకి నువ్వు రంగు చెప్పేదేంటి అన్నాడు. ఎందుకో చెప్పమని ఒకటికి పదిసార్లు అడిగాడు. నేను చెప్పలేదు. గంగయ్య చెడ్డవాడు కాదు, నన్ను కొట్టినవాడు కాదు. కానీ ఇది అతనికి చెబితే వీరాస్వామికి చెబుతాడు, వీరాస్వామి కల్లుపాకలో చెబుతాడు, నెల తిరక్కుండా ప్రతి రేవులోనూ నీలి పడవ కోసం మొగుళ్ళు కాపలా కాస్తారు. నలభై ఏళ్ళు ఎవరూ విప్పని నోరు నేను విప్పలేను. కంచం ముందు నుంచి అతను తినకుండా లేచిపోయాడు. నేను మాట వెనక్కి తీసుకోకుండా కంచం ఎత్తాను. నాకే ఆశ్చర్యం వేసింది.

తనే కూర్చుని జేగురు నూరడం మొదలుపెట్టాడు. వీరాస్వామి చూసి వచ్చి చేతులు కట్టుకున్నాడు. "తప్పుగా అనుకోకు గంగయ్యా. ఇంటి ఆడది నూరని రంగు పూస్తే ఆ పడవ నేనెక్కను. నా పెళ్ళాం బిడ్డలకి నేను కావాలి" అన్నాడు. తాడు లాగేవాళ్ళూ అదే అన్నారు. మా ఆడపడుచుని పిలిపిస్తానని బయలుదేరితే, ఆమె ఇప్పుడు వేరే ఇంటి ఆడదని వాళ్ళే గుర్తుచేశారు. రాజుగారు నాలుగు రోజులు చూసి ఇంకో పడవ మాట్లాడుకున్నాడు. మా ఆయన జేగురు బుట్ట కాలవలోకి విసిరేసి, నాతో మాటలు మానేశాడు.

నేనూ మాట్లాడలేదు. పన్నెండు రోజులు నూరాను. ఎప్పుడూ అలా నూరలేదు. వేళ్ళ మధ్య గింజ తగిలితే మళ్ళీ మొదటికొచ్చి నూరాను. కల్వంలో నీలం మెత్తబడి, చిక్కబడి, పొద్దుటి ఎండలో మెరుస్తుంటే, ఇది రెల్లుగడ్డ రేవులో తుప్పల వెనక నిలబడ్డ పిల్లకి ఎంత దూరాన్నుంచి కనపడుతుందా అని ఆలోచించాను. మోచేతుల దాకా ఎక్కింది. కొంగులో దాచుకోలేదు. పడవ కింద నిలబడి నేనే పూశాను, రెండు పూతలు, మూడు పూతలు. గూడు మీద కొత్త తాటాకు కప్పించాను. నాకందని ముక్కు భాగం మిగిలిపోతే, ఒక పొద్దున్న చూసేసరికి అది కూడా నీలంగా ఉంది. ఎవరు పూశారని నేను అడగలేదు, అతనూ చెప్పలేదు.

జ్యేష్ఠం చివర ఆనకట్ట దగ్గర తలుపులెత్తారని కబురొచ్చింది. ఊరంతా గట్టు మీదికి చేరింది. ముందు చప్పుడు, తర్వాత ఎండుటాకుల్నీ పుల్లల్నీ తోసుకుంటూ ఎర్రటి నీటినాలుక. నెరలన్నీ బుడబుడమంటూ తాగాయి, తర్వాత నిండాయి. పడవ అడుగు ఒకసారి మూలిగింది, పక్కకి ఒరిగింది, మెల్లగా పైకి లేచింది. ఏటా చూసేదే. ఈ ఏడు మాత్రం ఆ నీళ్ళు ఎన్ని రేవుల దగ్గర ఎంతమంది పాదాల ముందుకు పోతున్నాయో తెలిసి చూశాను.

మర్నాడు పొద్దున్నే బయలుదేరాం. ఆడవాళ్ళూ పిల్లలూ కలిసి గూట్లో అయిదుగురెక్కారు. లాకు దాటి, ఎండ ఇంకా పల్చగా ఉండగానే రెల్లుగడ్డ మలుపు తిరిగాం. రేవులో ఎవరూ లేరు. నా ప్రాణం ఉసూరుమంది. రాలేకపోయిందా, రానివ్వలేదా, చెయ్యెత్తలేని పిల్లని ఇంకేం చేశారో అని వంద ఆలోచనలు. అప్పుడు రెల్లు దుబ్బుల వెనకనుంచి ఒక పిల్ల లేచి నిలబడింది. ఎడం చెయ్యి కొంగుతో మెడకి కట్టుకుంది. పడవ వంక చూస్తోంది గాని చెయ్యెత్తడం లేదు. పోల్చుకుంటోంది.

"ఆపు మావా" అన్నాను. పాతిక రోజుల తర్వాత నేను అతనితో అన్న మొదటి మాట అది. గంగయ్య ఆ పిల్లని చూశాడు, కట్టిన చెయ్యి చూశాడు, నా వంక చూశాడు. తాడు వదులు చెయ్యమని గట్టు మీద వాళ్ళకి సైగ చేశాడు. ముక్కు ఒడ్డుకి తగిలింది. పిల్ల నీళ్ళ దాకా వచ్చి ఆగిపోయింది. ఊరి వైపు ఒకసారి, నా చేతుల వైపు ఒకసారి చూసింది.

"అచ్చియ్యమ్మగారంటే మీరేనాండి?"

చుక్కాని దగ్గర, తల్లి పేరు విని గంగయ్య ఉలిక్కిపడి తలెత్తాడు. నేను అతని వైపు చూడలేదు. వంగి ఆ పిల్ల కుడిచెయ్యి పట్టుకున్నాను.

"నేనేనమ్మా. ఎక్కు."